ఒక ఇంటివాడు

స్కార్‌బరో
19 జనవరి 2025

మొండి తమ్ముడు భరద్వాజ్‌కి,

ఫోన్‌లో మాట్లాడుకుంటే మనిద్దరం కొట్టుకోకుండా పెట్టేయడం లేదు. పోయిన ఆదివారమూ అంతే. నేను ఒకటి అన్నాను, నువ్వు రెండు అన్నావు, చివరికి మీ బావ వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కున్నారు. అందుకని ఇక నుంచి ఉత్తరాలే. ఎలాగూ సంతకి కొండ దిగితే గాని నీకు సిగ్నల్ అందదు కదా. తీరిగ్గా టైప్ చేసి పెట్టుకుని, దిగినప్పుడు ఈమెయిల్ చెయ్యి. ఇందులో అయితే ఒకళ్ల మాటకి ఇంకొకళ్లు అడ్డం రాలేరు.

ఇక్కడ మంచు మోకాళ్ల దాకా పడింది. రెండు బస్సులు మారి క్లినిక్‌కి వెళ్లేసరికి నా పళ్లే టకటకా కొట్టుకుంటున్నాయి, ఇక పళ్ల డాక్టర్ దగ్గరికొచ్చే పేషెంట్లకి నేనేం ధైర్యం చెబుతాను? బన్నీ సస్కటూన్ నుంచి గడ్డకట్టిన తన కనురెప్పల ఫొటో పంపాడు. నీ సంగతి ఎత్తితే చాలు, “మామయ్య ఈజ్ లివింగ్ ది డ్రీమ్, అమ్మా!” అంటాడు. ఆ డ్రీమ్ ఏమిటో నాకు కాస్త అర్థమయ్యేలా చెప్పు. కిచెనర్‌లో ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కుంటారు ఎవరైనా. ఉన్న టౌన్‌హౌస్ అమ్మేసి, ఇండోనేషియాలో పేరు కూడా నోరు తిరగని ఊళ్లో కాఫీ తోటల మధ్య వెళ్లి కూర్చుంటారా? సెలవుల్లో ఒకసారి చూసొచ్చిన ఊరు అంతగా ఏం మందు పెట్టింది నీకు?

సరే, అది వదిలెయ్. అసలు సంగతికి వస్తాను. నిన్న రూప వచ్చింది. కిచెనర్ నుంచి అంత మంచులో తనే డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది, నాకు కందిపొడి ఇవ్వడానికట. కందిపొడి కోసం ఎవరూ అంత దూరం రారు. వెళ్లేటప్పుడు బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండా, “ఆయన ఎలా ఉన్నారక్కా?” అని అడిగింది. మూడేళ్లుగా మీ ఇద్దరూ ఒకళ్ల ఇంటికి ఒకళ్లు వెళ్తూ, పండగలకి పక్కపక్కన కూర్చుంటూ, ఎవరూ నోరు తెరవరు. తనకి ఒకసారి పెళ్లి చెడి భయం. నీకేం భయం? ఈ వయసులో ఇద్దరూ సిగ్గుపడుతూ కూర్చుంటే చూసేవాళ్లకి చిరాకుగా ఉంటుంది. ఏదో ఒకటి తేల్చు.

జవాబు రాయకపోతే ఫోన్ చేస్తాను, జాగ్రత్త.

శ్యామలక్క


ఫ్లోరెస్ కొండల మీంచి
9 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం సంతలో అరటిగెలల పక్కన నిలబడి చదివాను. గెలలమ్మే ఆయన నా మొహం చూసి, ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదు, మా అక్క రాసింది అన్నాను. ఆయనకీ అక్క ఉన్నట్టుంది, ఒక పండు తీసి చేతిలో పెట్టాడు.

మా ఊరికి బస్సు లేదు. లారీలో అడ్డంగా బెంచీలు వేసి, మనుషుల్నీ పందుల్నీ సిమెంటు బస్తాల్నీ కలిపి ఎక్కిస్తారు. ఇప్పుడు వానలు. కొండ చరియ విరిగితే అందరం దిగి మట్టి తవ్వి మళ్లీ ఎక్కుతాం. ఎవరూ విసుక్కోరు. నువ్వు బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే సిటీకి కంప్లయింట్ రాస్తావు కదా, నిన్ను ఒకసారి ఈ లారీ ఎక్కించాలి.

ప్రస్తుతం స్కూలు టీచర్ల క్వార్టర్స్‌లో ఒక గది ఇచ్చారు. నా ఆలోచన పెద్దదేం కాదు. ఇక్కడ కాఫీ చాలా మంచిది, కానీ ఆరబెట్టడానికి చోటు లేక రోడ్డు పక్కన పోస్తారు, వాన వస్తే నానిపోతుంది. పైకప్పు ఉన్న ఒక కల్లం, కొండలు ఎక్కడానికి వచ్చేవాళ్లకి రెండు మూడు గదులు, నాకో ఇల్లు. అంతే. కాకపోతే పరాయి దేశం వాడికి ఇక్కడ నేల సొంతం కాదు. ఊళ్లో ఎవరైనా తమ చోటు లీజుకివ్వాలి. దానికి ముందు ఊరు నన్ను తనవాడిగా ఒప్పుకోవాలి. తొందరపడేవాణ్ణి ఒప్పుకోరు.

వీళ్ల భాష వింటే నీకు నవ్వొస్తుంది. సగం మన మాటలే, అర్థాలు మాత్రం ఎటో వెళ్లిపోయాయి. ‘దేశ’ అంటే పల్లెటూరు. ‘చింత’ అంటే ప్రేమ. ‘ఇస్త్రి’ అంటే భార్య. వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన నన్ను చూసి “ఇస్త్రి?” అని అడిగాడు. “లేదండీ, ఇలాగే వేసుకుంటాను” అని చొక్కా చూపించాను. ఊరంతా వారం రోజులు నవ్వారు. తర్వాత స్కూలు టీచరు చెప్పాడు, లేదు అనకూడదట. పెళ్లయిందా, పిల్లలున్నారా, ఇల్లుందా, ఏది అడిగినా లేదనకూడదు, ‘బెలుమ్’ అనాలి. అంటే ఇంకా లేదు అని. తొంభై ఏళ్ల బ్రహ్మచారిని అడిగినా బెలుమ్ అనే చెబుతాడట. లేదు అంటే తలుపు మూసేసినట్టట.

ఆ మాట నాకు బాగా నచ్చింది. రూప విషయంలో నా జవాబు కూడా అదే అనుకో. అడగాలని లేదా అంటే ఉంది. మూడేళ్లుగా ఉంది. కానీ ఉద్యోగం పోగొట్టుకుని, ఉన్న ఇల్లు అమ్ముకుని, నిలువ నీడ లేనివాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? నాకంటూ ఒక ఇల్లు ఏర్పడనీ. అప్పటిదాకా తనతో ఏమీ అనకు.

బావకి చెప్పు, ఇక్కడి అల్లం మన అల్లం కంటే ఘాటు.

భరద్వాజ్


స్కార్‌బరో
16 మార్చి 2025

భరద్వాజ్‌కి,

చింత అంటే ప్రేమ అని నువ్వు ఇప్పుడు కొత్తగా కనిపెట్టినట్టు రాశావు. నిన్ను పెంచినదాన్ని, నాకెప్పుడో తెలుసు.

నీ ఉత్తరం రత్నకుమారి ఆంటీకి కొంచెం చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. ఆవిడ చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, “ఊరు ఒప్పుకోవడమంటే ఏమిటనుకుంటున్నావమ్మా? అక్కడి పిల్లని కట్టబెడతారు, భూమి ఆ పిల్ల తండ్రి పేరున రాయిస్తారు. మా తోడికోడలి తమ్ముడికి థాయిలాండ్‌లో అచ్చం ఇలాగే అయింది,” అంది. నేను నవ్వేసి పకోడీలు వేశాను. ఆవిడ వెళ్లాక నవ్వు రాలేదు. నిజం చెబుతున్నాను, అప్పటినుంచి మనసులో అదే తిరుగుతోంది.

నీ మాట ప్రకారం రూపతో ఏమీ అనలేదు. కానీ ఒకటి విను. వాళ్ల బాబాయి కాల్గరీ నుంచి ఒక సంబంధం తెచ్చాడు. భార్య పోయిన ఆయన, ఇంజనీరు, నెమ్మదస్తుడట. రూప ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఎవరి కోసం చెప్పలేదో నీకు నేను రాయక్కర్లేదు. నువ్వు బెలుమ్ బెలుమ్ అంటూ కూర్చుంటే ఇక్కడ జరిగేవి జరుగుతూనే ఉంటాయి.

నాకు ఇంకో బాధ కూడా ఉంది, రాసేస్తాను. నువ్వు కిచెనర్‌లో ఉన్నప్పుడు శనివారాలు వచ్చి, నా వంటకి వంకలు పెట్టి, డబ్బాలో కట్టించుకుని వెళ్లేవాడివి. ఇప్పుడు శనివారం వస్తే ఏం వండాలో తోచడం లేదు.

శ్యామలక్క


కొండ మీంచి
27 ఏప్రిల్ 2025

అక్కా,

ఇది ఆలస్యంగా అందుతుంది. ఈస్టర్‌కి సంత లేదు, లారీ లేదు. ఊరంతా చర్చిలోనే ఉంది. నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను, పాటలు ఎంత బాగా పాడతారో.

కంగారు పడకు, మంచి కబురే. కూర్చుని చదువు.

పోయిన వారం ఊరి పెద్దలందరూ చాప మీద కూర్చున్నారు. నా చేతికి ఒక తెల్ల కోడిపుంజునిచ్చారు, కల్లు పోశారు, వాళ్ల నేతగుడ్డ నా భుజం మీద కప్పారు. పెద్దాయన ఒకరు కోడితో మాట్లాడినట్టే చాలాసేపు ఏదో చెప్పారు. నాకు చోటు ఇస్తానన్న మామ వాళ్లమ్మాయి తెరేసా నా పక్కనే కూర్చుని, నాకు అర్థం కానిదంతా చెవిలో చెబుతూ వచ్చింది. చివర్లో మామ లేచి నా తల మీద చెయ్యి పెట్టి, “ఈరోజు నుంచి నువ్వు మా ఇంటి మనిషివి” అన్నారు. మామ కళ్లు తుడుచుకుంటుంటే నాకూ ఆగలేదు. ఇంతమంది మధ్య అలా ఎప్పుడూ ఏడవలేదు.

అక్కా, మొత్తానికి నీ తమ్ముడు ఒక ఇంటివాడయ్యాడు!

ఇప్పుడు మామ దగ్గరే ఉంటున్నాను. నేల మామ పేరునే ఉంటుంది. మామ ఎప్పుడూ తాంబూలం నములుతూ, తక్కువ మాట్లాడతారు, కానీ నేను తిన్నానో లేదో రోజుకి నాలుగుసార్లు అడుగుతారు. తెరేసాకి టీచర్ ట్రైనింగ్ అయింది, ఇంగ్లీషు కొంచెం వచ్చు, లెక్కలూ రాతకోతలూ తనే చూస్తుంది. తోట పక్కన కలప కోయిస్తున్నాం, వానలు తగ్గాయి కాబట్టి పని జోరుగా సాగుతోంది.

ఇక రూప. నా సంగతి తనకి నువ్వే చెప్పు. నేను సూటిగా రాస్తే బాగుండదు, నీ నోటి మీదుగా వింటేనే మర్యాదగా ఉంటుంది. ఏం చెప్పాలో నీకు తెలుసు, మళ్లీ నాతో రాయించకు. ఆలస్యం చెయ్యకు. కాల్గరీ సంగతి చదివినప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

నీ తమ్ముడు భరద్వాజ్


స్కార్‌బరో
18 మే 2025

భరద్వాజ్‌కి,

నీ కబురు అందింది. సంతోషం.

అంత పని చేసేముందు అక్క అనేది ఒకతె ఉందని నీకు గుర్తు రాలేదు. ఒక్క మాట అడిగితే కాదనేదాన్నా? పోనీ కాదన్నా నువ్వు వినేవాడివా? ఊరంతా కూర్చుందట, కోడి కూడా ఉందట, మేమే లేము. మీ బావ, “వాడి జీవితం వాడిది, శ్యామలా” అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే, తేలిగ్గా అనేస్తారు.

నువ్వు చెప్పమన్నట్టే రూపకి చెప్పాను. ఫోన్‌లో చెప్పే విషయం కాదని మొన్న శుక్రవారం బస్సులో కిచెనర్ వెళ్లాను. తను అప్పుడే ఆఫీసు బట్టలు మార్చుకుని వచ్చింది. ఒక్క ముక్కలో చెప్పేశాను. కిటికీ దగ్గరికి వెళ్లి తెర సర్దింది. “మంచిదక్కా. ఆయన కోరుకున్నట్టే జరిగింది” అంది. తర్వాత దోశెలు వేసింది. నేను తిన్నాను. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నా బాధ్యత అయిపోయింది. మీ మామగారికి మా నమస్కారాలు చెప్పు. ఒంటి సంగతి చూసుకో.

శ్యామల


కొండ మీంచి
15 జూన్ 2025

అక్కా, అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ కోపం న్యాయమే. అడిగితే వద్దంటావని భయపడే అడగలేదు. మన ఇళ్లలో చిన్న పని చేయాలన్నా అందరూ ఉండాలి, నేను ఎవరూ లేకుండా కానిచ్చేశాను. చూశాక నీ కోపం పోతుంది. నీ నమస్కారాలు మామకి చెప్పాను, నీ ఫొటో చూపించమని అడిగి, బుగ్గ మీద వేలు పెట్టి నిమిరారు.

రూప “మంచిదక్కా” అన్నదని రాశావు చూడు, ఆ ఒక్క మాట కోసం నువ్వు ఇంకో రెండు పేజీలు తిట్టినా పడతాను. ఈ నెల మొదట్లో సంతకి దిగేసరికి తను పంపిన మెసేజ్ కూడా ఉంది. “శుభాకాంక్షలు. అంతా మంచే జరగాలి” అని. ఎంత తన పద్ధతిలో ఉంది! నేను జవాబుగా పెద్దగా రాద్దామనుకున్నాను. ఎదురు చూస్తుంటాను అని టైప్ చేశాను, చెరిపేశాను. సిగ్గేసింది. చివరికి “థ్యాంక్స్” అని పెట్టాను. నవ్వుకో.

ఇంటికి పైకప్పు వేయడం అయింది. రేకుల కప్పే, వాన వస్తే మాట వినపడదు, కానీ గోడలు మంచి కర్రతో గట్టిగా ఉన్నాయి. వంటగదిలో గట్టు ఎత్తు మాత్రం సందేహంగా ఉంది. ఇక్కడి ఆడవాళ్లు కింద కూర్చుని వండుతారు. రూప నిలబడి వండుతుంది కదా, తన నడుము దాకా రావాలంటే ఎంత ఎత్తు కట్టించాలి? తనని అడిగితే నవ్వుతుంది. నువ్వు కనిపెట్టి రాయి. తూర్పు కిటికీ తన కోసమే పెట్టించాను, పొద్దున్న లేవగానే కొండల మధ్య నుంచి మబ్బు పైకి లేవడం కనబడుతుంది.

కాఫీ పళ్లు కోతకొచ్చాయి. అందరం ఎర్ర పళ్లు ఏరుతున్నాం, నా వేళ్లు చూస్తే నువ్వు గుర్తు పట్టవు. ఈ పని తెమిలాకే మళ్లీ సంతకి దిగి ఇది పంపగలను. రూప ఎప్పుడు రాగలుగుతుందో మెల్లగా కనుక్కో. ముందు చూడటానికి రమ్మను చాలు. తనకి నచ్చితేనే మిగతా మాట. నచ్చకపోతే నేనే కిచెనర్ వచ్చేస్తాను, మళ్లీ ఉద్యోగాలకి అప్లై చేస్తాను. ఈ మాట తనకి తప్పకుండా చెప్పు.

ఫొటో జత చేశాను. మధ్యలో నేను, కుడిపక్కన మామ, వెనక మన ఇల్లు. ఫొటో తీసింది తెరేసా వాళ్లాయన.

నీ సంతోషపు తమ్ముడు


స్కార్‌బరో
6 జూలై 2025

భరద్వాజ్,

నాలుగు రోజులుగా ఫోన్ చేస్తున్నాను. మోగడం లేదు. ఇది నువ్వు కొండ దిగి సంతలో, నలుగురి మధ్య చదువుతావని తెలుసు. ఎక్కడైనా కూర్చుని చదువు నాన్నా.

నువ్వు జూన్ పదిహేనున రాసిన ఉత్తరం మొన్న బుధవారం గాని నాకు అందలేదు. అప్పటికి బన్నీ సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాడు. ఫొటో తెరిచాను. నీ పక్కన చీరలాంటి గుడ్డ చుట్టుకుని, తాంబూలంతో ఎర్రబడ్డ పళ్లతో నవ్వుతున్న ముసలావిడ. “మరి వాళ్ల మామగారేరిరా?” అన్నాను. వాడు, “హూ?” అన్నాడు. వాడికి తెలుగు చదవడం రాదు కదా, నీ పాత ఉత్తరం తీసి చదివి వినిపించాను. మామ ఇలా అన్నారు, మామ కళ్లు తుడుచుకున్నారు అని. వాడు నావైపు వింతగా చూసి, “అమ్మా, మామా మీన్స్ మామ్. వాట్ ఎల్స్ వుడ్ ఇట్ మీన్?” అన్నాడు.

ఈ దేశంలో పుట్టిన పిల్లవాడికి ఒక్క నిమిషంలో తెలిసింది. నాకు తెలియలేదు. నాకు మామ అంటే పిల్లనిచ్చిన మామే. నువ్వేమో ఆవిడకి మర్యాదిచ్చి, అన్నారు, మాట్లాడతారు, అడుగుతారు అని రాశావు. ఒక్కచోట ‘ఆవిడ’ అని రాసి ఉంటే సరిపోయేది. పైగా ఒక ఇంటివాడినయ్యానన్నావు. మన తెలుగులో ఆ మాటకి అర్థం ఏమిట్రా? నీకు చిన్నప్పటి నుంచీ మాటలతో ఆటలు. నువ్వు ఇల్లు సంగతి చెబుతున్నావు. నేను పెళ్లి అనుకున్నాను. తెరేసాతో పెళ్లి, వాళ్లింట్లోనే ఇల్లరికం. ఇంటికి కలప కోయిస్తున్నామని కింద రాశావు కూడా. అక్కడి దాకా వచ్చేసరికి నా కళ్లు సరిగ్గా చదవడం మానేశాయి. నిద్ర పట్టడం లేదన్న నీ మాట కూడా రూపకి అన్యాయం చేశానన్న బాధే అనుకున్నాను.

అదే రూపకి చెప్పాను. నీకు అక్కడ పెళ్లయిపోయిందని చెప్పాను. నీ నోటితో చెప్పలేక నన్ను చెప్పమన్నావని కూడా చెప్పాను.

తను జూన్ మొదట్లో కాల్గరీ సంబంధానికి సరే అంది. నీ “థ్యాంక్స్” వచ్చిన రెండు రోజులకే అట. పోయిన నెలాఖరున గుడిలో పెళ్లి జరిగింది. నేను వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను.

నిజం తెలిశాక ఉండబట్టలేక రూపకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. చాలా నెమ్మదిగా, “ఇప్పుడెందుకు చెప్పారక్కా?” అంది. నా బరువు దించుకోవడానికి చెప్పాను, అంతే. తనని రెండోసారి కూడా నేనే ఏడిపించాను.

నీకు రాసిన ఉత్తరంలో పెళ్లి అనే మాట ఒక్కసారి రాస్తే అయిపోయేది. నువ్వు వెంటనే, ఏం పెళ్లి అక్కా అనేవాడివి. కోపంతో రాయలేదు. అలిగి, ముభావంగా, సంతోషం అని రాశాను. లోపల ఇంకోటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. నువ్వు మమ్మల్ని వదిలి వెళ్లావని నాకు అక్కసు. నీ గురించి చెడ్డ కబురు వస్తే నమ్మడానికి నేను సిద్ధంగా కూర్చున్నాను. అందుకే అంత తొందరగా నమ్మాను.

తిట్టు. ఏమైనా రాయి. ఊరికే ఉండకు.

అక్క


స్కార్‌బరో
24 ఆగస్టు 2025

భరద్వాజ్‌కి,

ఏడు వారాలైంది. నువ్వు క్షేమంగా ఉన్నావని మాత్రం తెలుసు, తెరేసా నీ ఫోన్ నుంచి బన్నీకి రెండు ముక్కలు రాసింది. బ్రదర్ ఈజ్ ఈటింగ్ లిటిల్ అని. ఆ పిల్లని నేను ఎన్ని మాటలు అనుకున్నానో తలచుకుంటే సిగ్గేస్తోంది.

శనివారాలు నీకిష్టమైనవే వండుతున్నాను. మీ బావ ఏమీ అనకుండా తింటున్నారు.

నా మీద కోపం పోయిందా? అదొక్కటి చెప్పు, చాలు.

అక్క


కొండ మీంచి
21 సెప్టెంబర్ 2025

అక్కా,

రాయకపోవడం నిన్ను శిక్షించడానికి కాదు. మొదట్లో కొంచెం అందుకే. తర్వాత రాయడానికి కూర్చుంటే మాటలంటే భయం వేసింది. ఏది రాస్తే ఏది అవుతుందో అని.

నీ తప్పులు నువ్వు వరసగా రాసుకున్నావు. నావి నేను రాసుకోవాలి కదా. నాకు నోరుంది. ఫోన్ ఉంది. సంతలో సిగ్నల్ ఉంది. రూపా, నువ్వంటే నాకిష్టం, వస్తావా అని అడగడానికి ఒక లైను చాలు. ఆ లైను నీ చేత చెప్పించాలనుకున్నాను, కాదంటే మొహం దాచుకోవచ్చని. తను మెసేజ్ పంపితే, ఎందుకు శుభాకాంక్షలు అని అడగొచ్చు. ఎదురు చూస్తుంటాను అని టైప్ చేసి కూడా చెరిపేశాను అక్కా. ఆ మాట పంపి ఉంటే తను కాల్గరీకి సరే అనేది కాదు. ఈ ఆలోచన కాఫీ ఏరుతున్నప్పుడు వస్తుంది, లారీలో వస్తుంది, అన్నం ముందు వస్తుంది.

మర్యాద మర్యాద అనుకుంటూ మనం ముగ్గురం ఎంత పని చేశామో చూడు. నేను మామకి మర్యాద ఇచ్చాను, నువ్వు నన్ను అడగకుండా మర్యాద చేశావు, రూప నీకు దోశెలు వేసి, నాకు శుభాకాంక్షలు చెప్పి మర్యాద చేసింది.

ఇల్లు పూర్తయింది. వంటగట్టు ఎత్తు నువ్వు రాయలేదు కాబట్టి అంచనాగా కట్టించాను. సరిగ్గా వచ్చిందో లేదో చూసేవాళ్లు లేరు. నాకైతే కొంచెం తక్కువ, వంగి వండుకుంటున్నాను. కల్లం బాగా పనికొస్తోంది, ఈ ఏడు ఊళ్లో ఎవరి కాఫీ తడవలేదు. అందుకు ఊరు నన్ను బాగా చూసుకుంటోంది. వచ్చే నెల మొదటి ట్రెక్కింగ్ వాళ్లు వస్తారు. తూర్పు కిటికీ గది వాళ్లకే ఇస్తున్నాను.

మామకి నేను ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర అంత భాష లేదు. ఆవిడకి (చూశావా, ఈసారి ‘ఆవిడ’ అని రాశాను) ఒక అమ్మాయి వస్తుందని మాత్రం తెలుసు, కిటికీ పెట్టించినప్పుడు నేనే మురిసిపోతూ చెప్పాను. సాయంత్రం గుమ్మంలో కూర్చుని తాంబూలం చుట్టుకుంటూ రోజూ అడుగుతుంది, వచ్చిందా అని. రాదు అనడం ఇక్కడ పద్ధతి కాదు. బెలుమ్ అంటాను. ఆవిడ తల ఊపి, పర్లేదన్నట్టు నా వీపు తడుతుంది. మాటకి మాటా, అర్థానికి అర్థమూ సరిపోయినట్టే ఉంటుంది. సరిపోలేదని నాకొక్కడికే తెలుసు.

రూపకి ఇంకేమీ రాయకు, నేనూ రాయను. ఆ కాల్గరీ ఆయన మంచివాడే అయి ఉంటాడు. తను నిలబడి వండుకునే ఎత్తు ఆ ఇంట్లో సరిపోయే ఉంటుంది.

నువ్వు మాత్రం రా. బావతో రా. మే నెలలో అయితే వానలు ఉండవు, లారీలో మట్టి తవ్వే పని తప్పుతుంది. మామ నీ ఫొటో అడుగుతూనే ఉంది. శనివారం నాడు దిగేలా టికెట్లు తీసుకో, వంటకి వంకలు పెట్టడానికి ఈసారి నీ వంతు.

కోపం పోయిందా అని అడిగావు.

బెలుమ్, అక్కా.

భరద్వాజ్